వేకువ వేటకు వెలుతురు పెట్టే ముహూర్తం

మాల్దీవుల్లో స్థానికులు కాపురముండే ఏ ద్వీపంలో దిగినా, అతిథిగృహంవాళ్ళు పర్యాటకుడి ముందు రెండు రకాల చేపల వేట పెడతారు. ఒకటి సాయంకాలం వేట. పొద్దువాలకముందే బయల్దేరి, పగడపు దిబ్బ పక్కన లంగరు దించి, చేతిగాలంతో నాలుగు దిబ్బచేపలు పట్టుకుని రాత్రి భోజనానికి తిరిగొచ్చేయవచ్చు. రెండోది వేకువ వేట. ఇందులో దిబ్బ దాటి నడిసముద్రంలోకి పోవాలి, ట్యూనా గుంపుల్ని వెతకాలి, అన్నిటికీ మించి చీకటితో లేవాలి. మొదటిదానికి జనం ఎగబడతారు. రెండోదానికి పేరిచ్చినవాళ్ళలోనూ కొందరు జెట్టీ దాకా రారు.

కానీ ఆ దేశానికి వందల ఏళ్ళుగా అన్నం పెట్టింది రెండో వేటే. 1343లో అక్కడికి చేరి కొంతకాలం ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ద్వీపవాసులు చేపను ముక్కలు కోసి, ఉడికించి, ఆకుల బుట్టల్లో పొగపెట్టి, ఎండబెట్టి భారతదేశానికీ యెమెన్‌కూ చైనాకూ పంపడం చూసి రాశాడు. ఇప్పటికీ శ్రీలంక వంటింట్లో గట్టి చెక్కలా ఎండిన ఆ ట్యూనాను దంచి కూరలో వేస్తారు.

నిద్రమత్తుతో పడవెక్కిన పర్యాటకుడికి వచ్చే మొదటి సందేహం ఒకటే. ఇంత చీకట్లో ఎందుకు? ఏడింటికి బయల్దేరితే చేపలు ఎక్కడికైనా పోతాయా? ఎండ ముదరకముందే పని ముగించడం, పట్టిన చేపను పొద్దుండగానే ఒడ్డుకు చేర్చడం, ఇవన్నీ కారణాలే. అయితే వేళను నిర్ణయించేది వీటికంటే పెద్ద విషయం. చీకటి వెలుతురుగా మారే ఆ కాసేపట్లో, సముద్రంలో ఎవరు ఎవరికి కనిపిస్తారన్న లెక్క మారిపోతుంది. ఆ లెక్క పట్టుకుంటే పడవలోని ఎర తొట్టె నుంచి వెనక చిమ్మే నీటి తుంపర దాకా ప్రతిదీ ఎందుకుందో తెలుస్తుంది.

దిబ్బ దాటితే అగాధం

విశాఖ నుంచి ట్యూనా కోసం, అంటే మన జాలర్లు సూర అనే చేప కోసం, వేటకెళ్ళే పడవలు చాలా దూరం పోవాలి. మన తీరంలో సముద్రపు అడుగు పదుల కిలోమీటర్ల మేర మెల్లగా వాలుతూ పోయి, ఆ తర్వాతే ఒక్కసారిగా లోతెక్కుతుంది. ట్యూనాకు నచ్చేది ఆ లోతైన నీలపు నీళ్ళే. మాల్దీవుల్లో ఈ మెల్లని వాలు లేదు. దిబ్బ బయటి అంచు దగ్గరే అడుగు వందల మీటర్లకు జారిపోతుంది. ఇంకొంత ముందుకు పోతే వేల మీటర్లు. అందుకే అక్కడ ఊరి కొబ్బరిచెట్లు కనుమరుగు కాకముందే నడిసముద్రపు చేప దొరకవచ్చు.

ఈ ఏర్పాటు వెనక మనకూ చుట్టరికమున్న ఒక కథ ఉంది. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కనును ముంచెత్తిన లావాను పైకి పంపిన వేడి కేంద్రం భూగర్భంలో ఒకచోటే ఉండిపోయింది. దాని మీదుగా భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. ఆ దారిలో వరసగా అగ్నిపర్వతాలు లేచాయి. లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్‌ల కింద ఉన్న పొడవాటి సముద్రగర్భపు గట్టు ఆ వరసే. మాల్దీవుల దగ్గర సముద్రపు అడుగును తొలిచి తీసిన బసాల్టు రాళ్ళ వయసు దాదాపు 5.7 కోట్ల సంవత్సరాలని తేలింది. అంటే వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో నల్లరేగడి కింద కనిపించే రాయికీ ఈ ద్వీపాల పునాదికీ పుట్టుక ఒక్కటే. ఆ వేడి కేంద్రం ఇప్పుడు రియూనియన్ ద్వీపం కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం ఇంకా లావా కక్కుతూనే ఉంది.

చల్లారిన అగ్నిపర్వతాలు మెల్లగా కుంగాయి. కుంగిన కొద్దీ వాటి అంచున పగడాలు పైకి పెరిగాయి. వలయాకారపు పగడపు ద్వీపాలు ఇలా ఏర్పడతాయని 1842లో డార్విన్ ఊహించాడు. మాల్దీవుల్లో ఆ పగడపు సున్నపురాయి మందం రెండు కిలోమీటర్లకు పైనే ఉంది. కొస మాత్రం నీటిపైన మీటరో, మీటరున్నరో. పైన పలచటి ఊరు, పక్కనే అగాధం. వేకువ వేటకు ఇంత అనువైన చోటు భూమ్మీద తక్కువ.

తొందరగా తెల్లవారే చోటు

మాల్దీవులు భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్నాయి. అక్కడ ఏ కాలంలోనైనా పొద్దుపొడుపు ఆరు గంటలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పైగా సూర్యుడు దిగంతం మీదికి దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, దిగంతానికి 12 డిగ్రీల కింద ఉన్న సూర్యుడు పైకి రావడానికి అక్కడ దాదాపు మూడు పావుగంటలు చాలు. లండన్‌లో జూన్ నెలలో సంజ వెలుగు రాత్రంతా పూర్తిగా ఆరదు. ఉష్ణమండలంలో మాత్రం తెల్లవారడమంటే చకచకా జరిగిపోయే వ్యవహారం.

కాంతిని లక్సుల్లో కొలిస్తే ఈ వేగం తెలుస్తుంది. చంద్రుడు లేని రాత్రి చుక్కల వెలుగు లక్సులో దాదాపు వెయ్యో వంతు. పున్నమి వెన్నెల లక్సులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఉంటుంది. పొద్దుపొడుపుకు ఇరవై నిమిషాల ముందు మూడు నాలుగు లక్సులు. సూర్యబింబం అంచు కనిపించేసరికి కొన్ని వందలు. మిట్టమధ్యాహ్నం లక్ష. మూడు పావుగంటల్లో వెలుగు పదివేల రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట. సాయంసంధ్య తప్ప రోజులో మరే వేళా కన్నుకు ఇంత పరీక్ష పెట్టదు.

నీటిలోపల ఈ వేకువ ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. దిగంతం దగ్గరి నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాల్లో చాలా భాగం నీటి ఉపరితలం మీదే ప్రతిఫలించి పోతుంది. లోపలికి దిగేది ఎక్కువగా నడినెత్తి ఆకాశపు వెలుగు. ఆ వేళ అది ముదురు నీలంగా ఉండటానికి ఓజోన్ పొర ఒక ముఖ్య కారణమని 1953లో హల్‌బర్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చూపాడు. సూర్యకాంతి వాతావరణంలో అడ్డంగా చాలా దూరం ప్రయాణించేటప్పుడు ఓజోన్ అందులోని పసుపు, నారింజ రంగుల్ని మింగేస్తుంది, నీలం మిగులుతుంది. సముద్రపు నీరు కూడా మిగతా రంగుల్ని పీల్చి నీలాన్నే లోతుకు వదులుతుంది. రెండు వడపోతలు దాటిన ఆ వెలుగులో చేపలు చూడాలి. పగడపు దిబ్బల చేపల కళ్ళలో మసక వెలుగుకు పనిచేసే వర్ణకాలు సరిగ్గా ఈ సంజ నీలానికే అమరి ఉన్నాయని మంజ్, మెక్‌ఫార్లాండ్ అనే శాస్త్రవేత్తలు 1973లో ప్రతిపాదించారు. అంటే సంజవేళ చూపు చావుబతుకుల విషయం కాబట్టే కన్ను దానికి తగ్గట్టు మలుచుకుందని వారి వాదన.

కంట్లో షిఫ్టు మారే వేళ

వెలుగు పెరిగితే మన కంటిపాప ముడుచుకుంటుంది. చాలా చేపలకు ఆ వసతి లేదు, వాటి కంటిపాప పరిమాణం మారదు. బదులుగా వాటి రెటీనాలో కణాలే చోటు మారతాయి. రాత్రి మసక వెలుగును పట్టుకునే దండకణాలు ముందుకొచ్చి ఉంటాయి. తెల్లవారుతుంటే అవి వెనకనున్న నల్లని వర్ణకపు పొరలోకి జరిగి దాక్కుంటాయి, పగటి చూపునిచ్చే శంకుకణాలు ముందుకు వస్తాయి. ఈ సర్దుబాటు ముగియడానికి ఇరవై నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. బయట వెలుగేమో అంతకంటే వేగంగా పెరుగుతోంది. ఆ మధ్యకాలంలో రాత్రి చూపు తగ్గిపోతుంది, పగటి చూపు ఇంకా పూర్తిగా రాదు.

దిబ్బ మీద ఈ ఇబ్బంది కంటికి కనిపించేలా ఉంటుంది. 1960, 70 దశకాల్లో ఎడ్మండ్ హాబ్సన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త కాలిఫోర్నియా సింధుశాఖలోనూ హవాయిలోనూ సంజవేళల్లో నీళ్ళలో దిగి, ఏ చేప ఎప్పుడు బయటికొస్తుందో ఎప్పుడు దాక్కుంటుందో నమోదు చేశాడు. రాత్రి తిరిగే చేపలు తెల్లవారకముందే గుహల్లోకి చేరుకుంటాయి. పగటి చేపలు ఇంకా బయటికి రావు. సింగరేణి గనిలో రాత్రి షిఫ్టువాళ్ళు పైకొచ్చేసి, పగటి షిఫ్టువాళ్ళు ఇంకా దిగని సమయంలా, పదిహేను ఇరవై నిమిషాలపాటు దిబ్బ ఖాళీగా కనిపిస్తుంది. ఆ వేళ బయట తిరగడం చిన్నచేపకు ప్రమాదమని కోట్ల ఏళ్ళ పరిణామం నేర్పింది.

ప్రమాదం ఎటునుంచి? కిందనుంచి. నీటిలోంచి పైకి చూసే చేపకు బయటి ఆకాశమంతా నడినెత్తిన ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. కాంతి వక్రీభవనం వల్ల ఆ కిటికీ వెడల్పు 97 డిగ్రీలే. మసక వేకువలో ఆ కిటికీ ఒక్కటే వెలుగుతుంటుంది. దాని కింద ఈదే చిన్నచేప నల్లటి నీడలా స్పష్టంగా కనిపిస్తుంది. అదే చిన్నచేప కిందికి చూస్తే కనిపించేది చిక్కటి చీకటి, అందులోంచి దూసుకొచ్చే ట్యూనా కనిపించదు. పూర్తి చీకట్లో ఇద్దరికీ చూపు ఆనదు. పట్టపగలు ఇద్దరికీ బాగానే కనిపిస్తుంది, చిన్నచేపలు గుంపుకట్టి తప్పించుకోగలవు. మధ్యనున్న ఆ కాసేపట్లో మాత్రం వేటాడే చేపదే పైచేయి. జాలరి వేటవేళ కూడా అదే.

లోతుకు దిగే దండు

ఇదంతా ఉపరితలం దగ్గరి కథ. లోతుల్లో అదే గంటలో ఇంకా పెద్ద కదలిక సాగుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, అమెరికా పరిశోధకులు శాన్‌డియేగో తీరంలో సోనార్ పరీక్షలు చేస్తుంటే, లోతైన సముద్రంలో కొన్ని వందల మీటర్ల దగ్గరే 'అడుగు' ఉన్నట్టు ప్రతిధ్వని వచ్చింది. రాత్రయ్యేసరికి ఆ అడుగు పైకి తేలి వచ్చింది. అవి జీవరాశులై ఉండాలని మార్టిన్ జాన్సన్ అనే జీవశాస్త్రవేత్త సూచించాడు, సాయంత్రం పైకొచ్చి వేకువన కిందికి దిగడాన్ని గుర్తించాడు. చిన్న రొయ్యల్లాంటి క్రిల్, పిల్ల కణవలు, ఒంటిమీద వెలుగు చుక్కలుండే లాంతరు చేపలు, ఇలాంటివి లెక్కకు అందనంత సంఖ్యలో రోజూ రాత్రి మేతకు పైకొస్తాయి, తెల్లవారేలోపు చీకటి లోతుల్లోకి వెళ్ళిపోతాయి. జీవుల మొత్తం బరువునుబట్టి చూస్తే భూమ్మీద ఇంతకన్నా పెద్ద వలస లేదు. సూర్యగ్రహణం పట్టినప్పుడు పట్టపగలే ఇవి పైకి రావడం మొదలుపెడతాయి. గంటకు కాకుండా వెలుతురుకే ఇవి కట్టుబడి ఉన్నాయనడానికి ఇదే రుజువు.

వేకువన దిగే దండులో వెనకబడినవి ట్యూనాకు ఆహారం. పెద్దకన్ను ట్యూనా అయితే వాటి వెంటే లోతుకు దిగి పగలంతా అక్కడే మేస్తుంది. దాన్ని పట్టాలంటే లోతుకు దించే పొడవాటి గాలాల తాళ్ళు కావాలి. మాల్దీవుల ప్రధాన చేప అది కాదు, స్కిప్‌జాక్ ట్యూనా. సాధారణంగా రెండు మూడు కిలోలుండే ఈ చేప ఎక్కువగా పైపొరలోనే తిరుగుతుంది. దాని మేత పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి జోరుగా సాగుతుందని కడుపుల్లోని ఆహారాన్ని పరీక్షించి తెలుసుకున్నారు.

ఎర లేనిదే వేట లేదు

మాల్దీవుల ట్యూనా పడవను ధోనీ అంటారు. దాని నడుమ ఒక తొట్టె, పడవ అడుగున చిన్న రంధ్రాలు. ఆ రంధ్రాల గుండా సముద్రపు నీరు తొట్టెలోకి వచ్చిపోతుంటుంది. పడవలోకి నీరు రాకుండా చూసుకోవడం ప్రపంచమంతటా పద్ధతి, ఇక్కడ మాత్రం కావాలనే రానిస్తారు. ఆ తొట్టెలో ప్రాణంతో ఉన్న వేలాది చిన్నచేపలే అసలు పెట్టుబడి. వేలెడంత వెండిచేపలు, నెత్తళ్ళు, దిబ్బల్లో దాగే చిట్టిచేపలు ఇందులో ఉంటాయి. పూర్వం వీటిని పగటి వెలుగులో దిబ్బల దగ్గర వలదించి పట్టేవారు. ఇప్పుడు చాలా పడవలు రాత్రే దీపాలు దించి పడతాయి. దీపం చుట్టూ సూక్ష్మజీవులు మూగుతాయి, వాటికోసం చిన్నచేపలు వస్తాయి, కింద పరచిన వల పైకి లేస్తుంది. వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో దీపానికి అంత ఆకర్షణ ఉండదు కాబట్టి ఎర సరిగా పడదు. పున్నమి దగ్గరపడితే సరంగు ముఖంలో చికాకు కనిపించేది అందుకే.

తెల్లవారుతుండగా వెతుకులాట మొదలు. పడవమీద నిలబడ్డ మనిషి కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే అతనికి కనిపించే దిగంతం ఐదు కిలోమీటర్ల దూరమే. నీటి కింది గుంపు ఎలాగూ కనిపించదు. కనిపించేవి పక్షులు. ట్యూనాలు కిందనుంచి తరిమితే చిన్నచేపలు నీటిపైకి ఎగురుతాయి, వాటికోసం టెర్న్ జాతి పక్షులు గుంపుగా మూగుతాయి. ఈ పక్షులు లోతుకు మునగలేవు కాబట్టి ట్యూనాలు తరిమితేనే వాటికి తిండి. ఇంకా ఎత్తున ఫ్రిగేట్ పక్షి తిరుగుతుంటుంది. దాని ఈకలకు నీటిని తట్టుకునే గుణం లేదు, సముద్రం మీద వాలలేదు. అది ఒకేచోట చక్కర్లు కొడుతూ కిందికి దిగుతుంటే కింద ఏదో ఉన్నట్టే. పడవవాళ్ళు పక్షిని చూసి దిక్కు మార్చడమంటే తమకన్నా చాలా ఎత్తునున్న కంటిని అరువు తెచ్చుకోవడమే.

గుంపు దొరికాక అంతా నిమిషాల వ్యవహారం. ఒకరు తొట్టెలోని ఎరచేపల్ని నీళ్ళలోకి విసురుతుంటారు. పడవ వెనక పైపుల్లోంచి నీటి తుంపర జల్లుగా కురుస్తుంది. ఈ తుంపర రెండు పనులు చేస్తుంది. నీటిపైన చిన్నచేపల గుంపు కదులుతున్నట్టు భ్రమ కల్పిస్తుంది. నున్నటి ఉపరితలాన్ని చెదరగొట్టి, ఇందాక చెప్పిన ఆకాశపు కిటికీని ముక్కలు చేస్తుంది. పైనున్న పడవ, మనుషులు, గాలపు తీగ చేపకు కనిపించవు. పడవ వెనక అరుగుమీద వరసగా నిలబడ్డవాళ్ళ చేతుల్లో మూడు నాలుగు మీటర్ల గడలు ఉంటాయి. గాలానికి ఎర ఉండదు, మెరుపే ఎర. ముల్లు కూడా ఉండదు. దారం బిగువుగా ఉన్నంతసేపే చేప గాలానికి ఉంటుంది. గడను ఒక్క ఊపున తలమీదుగా వెనక్కి తిప్పితే దారం సడలుతుంది, చేప తనంతట తానే ఊడి పడవలో పడుతుంది. మరుక్షణం గాలం మళ్ళీ నీళ్ళలో. పర్యాటకుడికి గడ ఇచ్చినా మొదట్లో ఈ ఊపు అంత తేలిగ్గా పట్టుబడదు. ఎప్పుడు బిగించాలో కన్నా ఎప్పుడు వదలాలో తెలియడం కష్టం.

ఒక గాలానికి ఒక చేప. తాబేళ్ళు, డాల్ఫిన్లు, సొరచేపలు ఇరుక్కోవడం దాదాపు ఉండదు. ఈ పద్ధతిలో పట్టిన మాల్దీవుల స్కిప్‌జాక్‌కు 2012లో మెరైన్ స్టూవర్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ దక్కింది. సొరచేపల వేటను ఆ దేశం 2010లోనే నిషేధించింది.

వెచ్చని చేప, దాని ఆకలి

స్కిప్‌జాక్ ఇంత ఆత్రంగా గాలం మీద పడటానికి కారణం దాని శరీరంలోనే ఉంది. దానికి తేలడానికి ఉపయోగపడే గాలితిత్తి లేదు, ఈదడం ఆపితే మునుగుతుంది. మొప్పలమీదుగా నీరు పారడానికి కూడా నోరు తెరిచి ముందుకు దూసుకుపోవాల్సిందే. కాబట్టి రాత్రీ పగలూ నిలకడ లేదు. నిరంతరం పనిచేసే ఎర్ర కండరాలు వేడి పుట్టిస్తాయి. మామూలు చేపల్లో ఆ వేడి రక్తంతోపాటు మొప్పలకు చేరి నీళ్ళపాలవుతుంది. ట్యూనాలో వేడి రక్తాన్ని మోసే సిరలూ చల్లటి రక్తాన్ని తెచ్చే ధమనులూ సన్నటి పాయలుగా చీలి ఒకదాన్నొకటి ఆనుకుని ఎదురెదురుగా సాగుతాయి. బయటికి పోయే వేడి దారిలోనే లోపలికొచ్చే రక్తానికి అందుతుంది. అందువల్ల కండరాలు చుట్టూ ఉన్న నీటికన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటాయి. వెచ్చని కండరం వేగంగా ముడుచుకుంటుంది, చేప వేగంగా ఈదుతుంది. దానికి ఇంధనం కూడా అంతే ఎక్కువ కావాలి. తిన్నది కూడా త్వరగా అరిగిపోతుంది. చీకట్లో పెద్దగా మేయని స్కిప్‌జాక్‌కు వేకువ అంటే ఖాళీ కడుపు, దానికితోడు చూపులో పైచేయి.

ఇదే వెచ్చదనం పడవమీద సమస్య. ట్యూనా మాంసంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేపను వెంటనే చల్లబరచకపోతే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. అలాంటి చేప తింటే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. వండితే బ్యాక్టీరియా చస్తుంది కానీ అప్పటికే తయారైన హిస్టమిన్ పోదు. గాలానికి పడి గింజుకున్న చేప ఒళ్ళు ఇంకా వేడెక్కి ఉంటుంది, పైన ఉష్ణమండలపు ఎండ. అందుకే ఐసు పెట్టెలు పడవలోకి రాకముందు పట్టిన చేప ఆ పూటే ఒడ్డుకు చేరి, ఉడికి, పొగలోకి వెళ్ళాల్సి వచ్చేది. 1974లో మాల్దీవుల పడవలకు ఇంజన్లు బిగించడం మొదలయ్యేదాకా తెరచాపే ఆధారం. పోయిరావడం, వండటం అంతా ఒక్క పగటిలో ముగియాలంటే వేకువన బయల్దేరడం తప్ప దారి లేదు.

పర్యాటకుడికి హిస్టమిన్‌తో ఇంకో లావాదేవీ ఉంది. సముద్రపు వికారానికి వాడే మాత్రల్లో చాలావరకు మెదడులో హిస్టమిన్ పనిని అడ్డుకునేవే. ఊగుతున్నామని లోపలి చెవి చెబుతుంటే, కదలని చెక్కబల్లను చూస్తున్న కన్ను లేదంటుంది. ఈ తగువులోంచి పుట్టేదే వికారం. దిగంతాన్ని చూస్తూ ఉంటే కన్నూ చెవీ రాజీపడతాయి. చీకట్లో దిగంతం కనిపించదు కాబట్టి మొదటి గంటే గడ్డుకాలం. మాత్ర వేసుకునేవారు డాక్టరు సలహాతో, పడవెక్కడానికి ముందే వేసుకోవాలి.

కార్తెలూ ఉపగ్రహాలూ

ఏ వేళకు పోవాలో వెలుతురు చెబుతుంది. ఎటు పోవాలో చెప్పేవి గాలి, ప్రవాహం. మాల్దీవుల జాలర్లు ఏడాదిని 27 భాగాలు చేస్తారు, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. అవి మన కార్తెల లాంటివే, అవే నక్షత్రాల వరస. మన రోహిణి, మృగశిర, ఆరుద్ర అక్కడ రోఆను, మియహేలి, అధ. ఏ భాగంలో గాలి ఎటు వీస్తుంది, ఏ భాగంలో తుఫాను భయం, ఎప్పుడు చేప దండిగా పడుతుంది అన్నది ఆ వరసకే ముడిపెట్టుకున్నారు. తెలంగాణలో మృగశిర కార్తెకు చేప తినడం ఆనవాయితీ. ఆ రోజుల్లో మాల్దీవుల్లో నైరుతి గాలి సాగుతుంటుంది.

గాలి మారితే ప్రవాహం మారుతుంది. ఈశాన్య రుతుపవనంలో నీరు పడమరకు సాగుతుంది. అడ్డొచ్చిన దీవుల వెనక సుళ్ళు తిరిగి, లోతులోని పోషకాలు పైకొస్తాయి, పడమటి వైపు ప్లవకాలు పెరుగుతాయి. నైరుతిలో ఇది తిరగబడి తూర్పు వైపు పచ్చబడుతుంది. ప్లవకాలను తినే మాంటా చేపలు కూడా రుతువుతోపాటు వైపు మారతాయి. ఈ సంగతినే ఇప్పుడు ఉపగ్రహం రంగుల్లో చూపిస్తుంది. మన తీరానికి ఈ పని చేసేది హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. తాను సముద్రానికి దూరంగా ఉన్నా, ఉపగ్రహం పంపే నీటి ఉష్ణోగ్రత, పత్రహరితం లెక్కల్ని కలిపి, చేప దొరికే అవకాశమున్న చోట్లను జాలర్లకు తెలియజేస్తుంది. ట్యూనాకు ప్రత్యేకంగా సూచనలిస్తుంది. చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసే సరిహద్దుల్లో మేత పోగవుతుందన్నదే ఈ సూచనల ఆధారం. చోటును ఉపగ్రహం చెప్పినా వేళను మాత్రం ఇంకా సూర్యుడే చెబుతున్నాడు.

ఎవరి చేప, ఎవరి దిబ్బ

స్కిప్‌జాక్ త్వరగా పెరుగుతుంది, వెచ్చని నీళ్ళలో ఏడాది పొడుగునా గుడ్లు పెడుతుంది. అందుకే ప్రపంచంలో పట్టే ట్యూనాలో సగానికి పైగా ఇదే అయినా తట్టుకుంటోంది. కానీ హిందూ మహాసముద్రంలో దాన్ని పట్టేది గడలు మాత్రమే కాదు. పెద్ద ఓడలు సముద్రంలో తేలే తెప్పలు వదిలి, వాటి కింద చేరిన గుంపును మొత్తంగా వలలో చుట్టేస్తాయి. ఆ గుంపులో ఇంకా గుడ్డు పెట్టని పసుపురెక్క ట్యూనా పిల్లలూ ఉంటాయి. పసుపురెక్క ట్యూనా మోతాదు మించి పట్టుబడుతోందని 2015లో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ శాస్త్రవేత్తలు తేల్చాక పరిమితులు మొదలయ్యాయి. స్కిప్‌జాక్ నిల్వనుబట్టి ఎంత పట్టాలో ముందే లెక్కగట్టే నియమాన్ని 2016లో అదే కమిషన్ చేత ఒప్పించింది మాల్దీవులే. మాల్దీవులు కూడా తమ నీళ్ళలో తెప్పలు వాడతాయి, కానీ అవి లంగరు వేసి ఒకేచోట ఉంచినవి, వాటి దగ్గర పనిచేసేది గడ.

అయితే గడవేటకు అసలు హద్దు నడిసముద్రంలో లేదు. ఎంత ట్యూనా ఉన్నా, తొట్టెలో ఎర ఉన్నంత వరకే వేట. ఆ ఎర దిబ్బల దగ్గర పుడుతుంది. 1998లో సముద్రం వేడెక్కినప్పుడు మాల్దీవుల్లో లోతులేని చోట్ల పగడాలు అధికభాగం తెల్లబారి చచ్చాయి. కోలుకుంటున్న దశలో 2016లో మళ్ళీ దెబ్బ తగిలింది. పగడపు కొమ్మల మధ్య దాగి పెరిగే చిట్టిచేపలకు ఇల్లే లేకపోతే తొట్టె నిండదు. ఇటు రాత్రి దీపాల శక్తి ఏటేటా పెరుగుతోంది, తక్కువ సమయంలో ఎక్కువ ఎర పట్టుబడుతోంది. వెన్నెల రాత్రులు ఒకప్పుడు ఎరచేపకు ఇచ్చిన విరామం కూడా ప్రకాశవంతమైన దీపాల ముందు కరిగిపోవచ్చు.

కాబట్టి వేకువ పడవెక్కేవారు చూడాల్సింది గాలానికి వేలాడే చేపను మాత్రమే కాదు. బయల్దేరేముందు తొట్టెలోకి వంగి చూడండి. అందులో ఎన్ని రకాల చిట్టిచేపలున్నాయి, వాటిని ఏ దిబ్బ దగ్గర పట్టారు, నిరుటికంటే ఎంతసేపు ఎక్కువ పట్టింది అని అడగండి. జాలర్లు సంతోషంగా చెబుతారు, వాళ్ళు రోజూ వేసుకునే లెక్క అదే. ట్యూనా ఎంత వేగంగా ఈదినా, వేలెడంత వెండిచేప దొరకని రోజున ఆ పడవ జెట్టీ వదిలి కదలదు.